మరుగుదొడ్డిలో బియ్యం బస్తా

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. బాత్రూం కడిగాను. ఫినాయిల్ వాసనకి చోడవరంలో మా పాత పేట గుర్తొచ్చింది.

అక్కడి మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చర్చివాళ్లు ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించారు. మాది కారే తాటాకిల్లు. సిమెంటు గచ్చు, రేకు తలుపు ఆ గదికే ఉండేవి. అమ్మ అందులో బియ్యం బస్తా పెట్టింది. పక్కవాళ్లు పిడకలు, కోళ్లు పెట్టారు. అందరం చెరకుతోటలోకే వెళ్లేవాళ్లం.

ఇదేంటని పాస్టరమ్మ అడిగితే అమ్మ నవ్వింది. "మా ఇంటికన్నా ఇదే బాగుందమ్మా. ఇందులో కూకోడానికి మనసెలా వస్తాది?"

ఆ ఏడు వానల్లో చెల్లి రూతుకి విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ దాన్ని ఎత్తుకుని, తడుస్తూ తోటకీ ఇంటికీ తిరిగింది. అది చూసి పాస్టరమ్మ బస్తా తనే బయటికి ఈడ్చింది.

"బియ్యం తడిస్తే మా ఇంట్లో తిందురుగాని. పసి గుంటదాన్ని తడపకు తల్లీ."

చెల్లిని లోపల కూర్చోబెట్టి, తన చేతులతో కడిగింది.

మర్నాడు చెల్లి పోయింది.

అమ్మ ఏడవలేదు. పాతిపెట్టి వచ్చాక ఇంటింటికీ వెళ్లి, "మీ దొడ్డిలో సామాను తీసెయ్యండర్రా" అంది. వాళ్ల పిడకలు కూడా తనే బయటికి మోసింది.