లుంగిసాకి చెత్తగా తీయడం రాదు

లుంగిసా దక్షిణాఫ్రికాలోని సోవెటోలో పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. పాడైన కెమెరా ఒకటి కొని, విప్పి, బిగించి, దాంతోనే పని నేర్చుకున్నాడు. నేను పక్కన మైకు పట్టుకునేవాణ్ణి.

తెల్లవాళ్ళ ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీలో మా నల్లవాళ్ళకి సభలు నిషేధం. అందుకే రాజకీయమంతా అంత్యక్రియల్లోనే నడిచేది. ఆ వారం పోలీసులు కాల్చిచంపిన తొమ్మిదిమందిని సాగనంపడం మేం తీశాం. ఆదివారం సాయంత్రం విమానానికి ఆ క్యాసెట్ దేశం దాటాలి.

లుంగిసా పద్ధతి ఒకటే. మొదటి ఇరవై నిమిషాలు నిజమైన పెళ్ళి, ఆ తర్వాత అసలు సంగతి.

"తనిఖీకి చూసే పోలీసు ఐదు నిమిషాల్లో ఆవులించాలి బ్రదర్. పెళ్ళిని కాస్త చెత్తగా తియ్యి" అన్నాను.

"చెత్తగా తియ్యడం నాకు రాదు."

విమానాశ్రయం దారిలో పోలీసులు కారు ఆపారు. వెనక సీట్లో లుంగిసా పిన్ని మాసితోలే ఉంది. సార్జెంటు క్యాసెట్ లాక్కుని తన వ్యానులో టీవీకి తగిలించిన వీసీఆర్‌లో పెట్టాడు. కాసేపటికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"భలే తీశావే! మా అమ్మాయి పెళ్ళి ఇలా రాలేదు."

"వెలుగంతా కిటికీదే బాస్" అని లుంగిసా వివరించడం మొదలుపెట్టాడు. పదిహేను నిమిషాలు దాటాయి. ఇంకాసేపట్లో శవపేటికలు వస్తాయి.

అప్పుడు తెరమీద పిన్ని కనబడింది. కారులోంచి చూస్తున్న ఆవిడ వెంటనే దిగి మా మధ్యకి తోసుకొచ్చింది.

"నా టోపీ ఏదిరా? సగానికి కోశావు! పెళ్ళికొడుకు మేనమామ టోపీ మాత్రం నిండుగా ఉంది. ఆయనేమన్నా నిన్ను ఎత్తుకు పెంచాడా?"

"పిన్నీ, ఆ ఫ్రేములో..."

"ఫ్రేము నీ మొహం! బాస్, వెనక్కి తిప్పండి. మీరే చూసి చెప్పండి."

తిప్పాడు. మళ్ళీ తిప్పించింది. నాలుగోసారికి వెనక కార్ల హారన్లు మిన్నుముట్టాయి. సార్జెంటు క్యాసెట్ పీకి నా చేతిలో పడేశాడు.

"ముందు ఈవిణ్ణి తీసుకుపోండి!"

కారు కదిలాక నేనన్నాను, "భలే నటించావు పిన్నీ!"

"నటనేంట్రా? పెళ్ళి కాక ఆ క్యాసెట్లో ఇంకేముంది?"

క్యాసెట్ విమానం ఎక్కింది. రెండు వారాలకి ఆ తొమ్మిది శవపేటికలూ బయటి దేశాల వార్తల్లో కనిపించాయని కబురొచ్చింది. లుంగిసా అడిగింది ఒక్కటే: "వెలుగు సరిగ్గా వచ్చిందటా?"