నారుమడిలో పైకి లేచిన పడవ

నా చిన్నప్పుడు, ఐరోపాలో పడవలు కొండలెక్కుతాయని నిరూపించబోయి పక్కింటి అత్త వరిమడిని ఎండగట్టాను. ఆ మడిలో ఊడుపు పూర్తయి అప్పటికి మూడు రోజులే. నాకు పదేళ్లు. అత్తకు భర్త లేడు. ఇద్దరు పసిపిల్లలు, కొండవాలున రాగులు పండే కాస్త చోడి చేను, మేం గెడ్డ అనే కొండవాగు పక్కన ఆ ఒక్క వరిమడి, అంతే ఆమె ఆస్తి. ఆ ఏడు వానలు మొదట్లో బాగానే పడి, సరిగ్గా ఊడుపుల వేళకు మొహం చాటేశాయి. గెడ్డలో నీళ్లు సన్నగిల్లాయి. ఊరివాళ్లంతా వంతులు వేసుకుని మడులకు నీళ్లు పెట్టుకుంటున్నారు. అత్త వంతు అయిపోయింది. మళ్లీ ఆమె వంతు రావడానికి ఐదు రోజులు పడుతుంది. మడిలో నిలిచిన ఆ కాస్త నీరే ఐదు రోజులూ నారును బతికించాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చేశాను.

మాది ముంచింగిపుట్టు సంతకు రెండు కొండల అవతలి ఊరు. సంత రోజున మా తాతయ్య పిప్పళ్లు, చింతపండు కావడిలో పెట్టుకుని బయల్దేరితే నేనూ వెంటపడేదాన్ని. ఆయన సరుకు అమ్ముకునేంత సేపూ నేను ఒక పెంకుటింటి అరుగు మీద నడిచే గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. రెండు బీరువాలు, ఒక బెంచీ. దాన్ని చూసుకునే మాష్టారు గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. నేను ఏ పుస్తకం తీసినా ‘చేతులు కడుక్కున్నావా’ అని మాత్రమే అడిగేవాడు. బడి చదువు నాకు ఏడో తరగతితోనే ఆగిపోయింది. ఆ తరవాత నేర్చుకున్నదంతా అలాంటి బెంచీల మీద నేర్చుకున్నదే. ఈ మాట ఎక్కడైనా కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

ఒక సంత రోజున ఐరోపా నదుల గురించిన పుస్తకం దొరికింది. అక్కడ సరుకులన్నీ పడవల్లో ఊరి నుంచి ఊరికి పోతాయట. ఫ్రాన్సు దేశంలో రెండు నదుల మధ్య కొండ అడ్డొస్తే, కొండ మీదుగానే కాలువ తవ్వి, మెట్టు మెట్టుగా పడవను ఎక్కించి అవతలి వైపు దింపుతారట. నాకు నమ్మబుద్ధి కాలేదు. మాష్టారినడిగితే, మా వైపు కాలువల్లోనూ ఉంటాయమ్మా, వాటిని లాకులంటారు, ముందొక తలుపు వెనకొక తలుపు అని చెప్పాడు. అంతలో ఎవరో పేపరు కోసం రావడంతో అటు వెళ్లిపోయాడు. నాకు ‘తలుపులు’ అన్న ముక్క తప్ప ఏమీ అర్థం కాలేదు. అయినా మర్నాడు బడిలో చెప్పకుండా ఉండలేకపోయాను.

“పడవ కొండెక్కుతాదంట్రా! మరి మేకలు ఈత కొడతాయేటే అక్కడ?” అన్నాడు మా వీధి చివరి ఇంటి గుంటడు. వాడు నాకంటే ఏడాది పెద్ద. ఆ రోజు నుంచి నేను ఎదురైతే చాలు, ‘పడవొత్తంది, తప్పుకోండి’ అని అరిచేవాడు. మిగతావాళ్లు గుంపుగా దారి ఇచ్చి నిలబడేవాళ్లు. ఈ సంగతి అమ్మ చెవిన పడింది. “ఆ పొత్తకాలింట్లో అబద్దాలు నేర్పుతన్నారేటి? ఇంక సంతకెల్లక్కర్నేదు,” అంది. ఎగతాళినైతే ఓర్చుకున్నాను గానీ ఈ మాటతో నిజంగా ఏడుపొచ్చింది.

మా తాతయ్యకు అక్షరం రాదు. నేను చెప్పింది విని నవ్వనూలేదు, తల ఊపనూలేదు. చుట్ట వెలిగించుకుని మడుల వైపు చూస్తూ కూర్చున్నాడు. మా మడులు గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా ఉంటాయి. పైన అత్త మడి. దాని కింద రెండు మంచాలంత మా నారుమడి. నారు పీకేయగా అది ఖాళీగా ఉంది. ఆ కింద గెడ్డ. తాతయ్య ఆ మెట్లను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు. ఆ సాయంత్రం చాలాసేపు వాటినే కొత్తగా చూసినట్టు చూసి, చివరికి ఇలా అన్నాడు.

“నీరు పైకెక్కదు. మరి పడవ నీటి మీద కదే ఉంటాది. అయితే పడవ పైకెల్లాలంటే, పైనున్న నీరే కిందికొచ్చి దాన్ని లేపాల.”

మర్నాడు పొద్దున్నే తాతయ్య అత్త గుమ్మం ముందు నిలబడి, “ఓ పిల్లా, మీ మడిలోంచి ఒక కుండెడు నీరు తీసుకుందునా? మా గుంట పడవెక్కించాలంతంది,” అని నన్ను చూపిస్తూ అడిగాడు. అత్త చంకలో బిడ్డను సర్దుకుంటూ నవ్వింది. “తీసుకో మావా. పడవకి నీరొద్దంటే పాపం కాదేటి!” అంది.

తాతయ్య మా నారుమడిలో, అత్త మడి గట్టుకు ఆనించి, బంకమట్టితో గోడలు లేపి కుండంత గది కట్టాడు. ఆ గదికి నారుమడి వైపు ఒక పలక రాయి, అత్త మడి వైపు గట్టుకు గండి కొట్టి ఇంకో పలక రాయి నిలబెట్టాడు. అరటి దొప్పను పడవ చేశాం. అందులో చోడి ముద్ద ఒకటి పెట్టి అతనే పడవ నడిపేవాడన్నాం. కింది రాయి తీసి పడవను గదిలోకి తోశాం. ఆ రాయి మళ్లీ పెట్టి సందుల్లో బురద మెత్తాం. పై రాయిని కాస్త ఎత్తగానే అత్త మడి నీరు సన్నటి ధారగా గదిలోకి దిగింది. దొప్ప ఊగింది, తిరిగింది, లేచింది. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ తోయకుండా, గుప్పెడు గుప్పెడుగా లేచి గట్టుతో సమానంగా వచ్చి నిలిచింది. నేను వేలితో మెల్లగా తాకగానే, చోడి ముద్దతో సహా అత్త మడిలోకి తేలిపోయింది.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం తరవాత ఎన్ని పుస్తకాలు చదివినా మళ్లీ రాలేదు. తాతయ్య మాత్రం వెంటనే గండి పూడ్చేశాడు. ఇంకోసారి అని బతిమాలాను. “ఒకపాలే అడిగాం. ఇది అత్త నీరు,” అని పార కడుక్కున్నాడు.

అది నేను విన్నాను. కానీ నా మనసంతా బడి మీదే ఉంది. మర్నాడు బడి లేదు. పెద్దవాళ్లంతా కొండ మీద చోడి చేను కలుపుకు వెళ్లారు. నేను ఆ గుంటణ్నీ, వాడితో పాటు నవ్విన మరో నలుగుర్నీ మడుల దగ్గరికి పిలుచుకొచ్చాను. దొప్ప పడవ ఎక్కించి చూపించాను. నలుగురూ నోళ్లు తెరిచారు. వాడు మాత్రం మూతి తిప్పాడు.

“ఆకు తేల్తే పడవైపోద్దేటి? మడిసినెక్కించి సూపెట్టు, అప్పుడొప్పుకుంతాను.”

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మా పశువులకు కుడితి పోసే కొయ్య తొట్టిని ఆరుగురం దొర్లించుకొచ్చి నారుమడిలో పడేశాం. మా అందరిలోకీ చిన్నవాణ్ని అందులో కూర్చోబెట్టాం. వాడు చేతిలో కట్టె పట్టుకుని పడవవాడిలా బిగుసుకుపోయాడు. నారుమడి కింది తూము మూసి, అత్త మడి గట్టును పారతో తవ్వేశాను. నీరు కుండలు దొర్లినట్టు చప్పుడు చేస్తూ దిగింది. తొట్టి కదిలింది. “ఎక్కతన్నానే, అక్కా, ఎక్కతన్నాను!” అని వాడు అరుస్తుంటే, మా మోకాలెత్తు మెట్టంతా లేచి అత్త గట్టు పక్కన వచ్చి ఆగింది. వాడు ఏనుగు దిగినట్టు దర్జాగా గట్టు మీదికి దిగాడు.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ప్రతివాడికీ ఎక్కాలనే ఉంది. ఒకడు ఎక్కి దిగాక మళ్లీ అడుగు నుంచి లేవాలంటే నారుమడి ఖాళీ కావాలి కదా. పై గండి పూడ్చి, కింది తూము తీసి ఆ నీటిని గెడ్డలోకి వదిలేసేదాన్ని. తరవాత తూము మూసి, మళ్లీ పై గట్టు తవ్వడం. అలా నాలుగుసార్లు. నాలుగోవాడు ఎగతాళి చేసిన ఆ గుంటడే. తొట్టిలో లేస్తూ, “ఒప్పుకున్నానే! పడవ కొండెక్కుతాది!” అన్నాడు. నేను గట్టు మీద నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆ పుస్తకం రాసింది నేనే అన్నంత గొప్పగా.

అప్పుడు చిన్నవాడు నా లంగా పట్టి లాగి అత్త మడి చూపించాడు. మడిలో నీరు లేదు. బురద మీద నత్తలు పాకుతున్నాయి. ఇంకా వేరు పట్టని నారు, ఆధారం పోయి, వరసలు వరసలుగా ఒకే పక్కకు ఒరిగిపోయింది. ఎండ చురుక్కుమంటోంది. నేను రెండు చేతులతో బురద తోడి గండి పూడ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు.

చేను నుంచి దిగి వస్తూ అందరికంటే ముందు అత్తే చూసింది. “ఓలమ్మో! నా మడి ఏటయిపోనాదే!” అని గట్టు మీదే కూలబడింది. నేను చేసింది చెప్పాను. ఆమె నన్ను కొట్టలేదు. “పడవలెక్కిత్తావేటే, దొరసానీ? నా పిల్లలకి ఏటెట్టాలే?” అని మాత్రం అంది.

తాతయ్య వచ్చి మడినీ, తొట్టినీ, నారుమడిలో మిగిలిన నీటినీ చూశాడు. వంతు ప్రకారం గెడ్డ కాలువ అప్పుడు ఊరి రెండో వైపు వాళ్లది. దాన్ని ముట్టుకోవడానికి లేదు. నన్ను తిట్టకుండా అడిగాడు.

“పడవ ఎక్కిందేటి?”

“ఎక్కింది.”

“అయితే బేగి రా. ఇప్పుడు నీరెక్కాల.”

చూరులోంచి గూడ దించుకొచ్చాడు. గూడ అంటే వెదురుతో అల్లిన వెడల్పాటి బుట్ట. దానికి అటు రెండు తాళ్లు, ఇటు రెండు తాళ్లు. చెరోపక్కా ఒకరు నిలబడి ఊపుతూ కింది నీటిని ముంచి పై మడిలోకి విసిరిపోయాలి. ఇద్దరి ఊపూ కలవకపోతే బుట్ట తిరగబడుతుంది. ఒక పక్క తాతయ్య, ఇంకో పక్క నేను. మొదట పది బుట్టల్లో సగం నా మీదే పడ్డాయి. తరవాత ఊపు కుదిరింది. నారుమడిలోని నీరంతా పైకి పోశాం. అది ఒక్క పడవ ఎక్కడానికి పట్టిన నీరు. మిగతా మూడింటి నీరు గెడ్డలో కలిసిపోయింది. దాని కోసం మడుల కింద గెడ్డలో నిలిచిన మడుగులోంచి నారుమడిలోకి, నారుమడిలోంచి అత్త మడిలోకి రెండు మెట్లు తోడాలి.

దిగేటప్పుడు ఆ నీరు నవ్వుతూ దిగింది. ఎక్కేటప్పుడు బుట్ట బుట్టకూ నా భుజాలు ఊడిపోయాయి. మొదట్లో లెక్కపెట్టాను. మూడొందలు దాటాక అంకెలు మర్చిపోయాను. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. మధ్యలో ఒకసారి తలెత్తి చూస్తే, ఆ చిన్నవాడు సత్తు గిన్నెతో నీళ్లు తెచ్చి నారు మొదళ్లలో పోస్తున్నాడు. వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. మిగతావాళ్ల జాడ లేదు.

పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా తాడు నా చేతిలోంచి జారిపోయింది. అప్పటిదాకా గట్టు మీద మొహం తిప్పుకుని కూర్చున్న అత్త లేచి వచ్చింది. నా అరచేతులు తిప్పి చూసింది. “లెగు, ఇంక సాలు. రెక్కలిరిగిపోతే రేపు నాకెవులు తోడతారు?” అని తాళ్లు తను అందుకుంది. ఆమె, తాతయ్య కలిసి ఊపుతుంటే బుట్ట గాలిలో చక్కగా సాగిపోయేది. నేను ఒరిగిన నారును ఒక్కో మొక్కా పట్టుకుని నిలబెట్టాను. మర్నాడు పొద్దున మళ్లీ ముగ్గురం తోడాం. ఆ తరవాతి రోజు కూడా.

మడి మొత్తం బతికిందని చెబితే అబద్ధమవుతుంది. గండి పక్కన మూడు వరసలు చచ్చిపోయాయి. అక్కడ తాతయ్య అవతల మేం ఊడ్చిన మా వరిమడి మూల నుంచి నారు పీకి తెచ్చి నాటాడు. ఐదో రోజున అత్త వంతు వచ్చింది, ఆ తరవాత వానా వచ్చింది. కొత్తల పండగకు అత్త కొత్త బియ్యం వండి మమ్మల్ని పిలిచింది. నాకు వడ్డిస్తూ, “తిను, నువ్వు తోడిన నీరే ఇది,” అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం తల వంచుకునే తిన్నాను. అమ్మ ఆ తరవాత నన్ను సంతకు వెళ్లొద్దని అనలేదు. అబద్ధాలు చదవడం లేదని తాతయ్య ఆమెకు చెప్పాడట. సగమే చదివిందని కూడా చెప్పాడట.

ఇన్నేళ్లుగా ఐరోపా జలమార్గాల గురించి నాకు దొరికినదల్లా చదువుతూ వచ్చాను. ఈ మధ్య గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఒక వార్త కనిపించింది. అక్కడా వానలు తప్పి, రైన్ నదిలో ఓడలు అడుగు తగలకుండా సగం బరువుతోనే పోతున్నాయట. ఫ్రాన్సు కాలువల్లోనైతే లాకు దగ్గరికి ఒంటరిగా వచ్చిన పడవను ఆపి, ఇంకొన్ని వచ్చేదాకా ఉంచి, అన్నింటినీ కలిపి ఒకేసారి ఎక్కిస్తున్నారట. పక్కన పోటీ పరీక్షకు చదువుకుంటున్న కుర్రాడు అది చూసి, “ఒక్క పడవనీ పంపేత్తే ఏటి పోద్దమ్మా? ఉత్తినే ఆపడమెందుకు?” అన్నాడు. పడవ ఒకటైనా నాలుగైనా పైనుంచి దిగే నీరు ఒక గదికి సరిపడా దిగాల్సిందేనని చెప్పాను. చెబుతుంటే నా భుజాలు వాటంతట అవే బిగుసుకున్నాయి.

పుస్తకాల మీద నా నమ్మకం ఆ రోజుతో తగ్గలేదు, పెరిగింది. చదివే తీరే కాస్త మారింది. ఎక్కడో ఏదో అవలీలగా పైకి లేచిందని, కొత్త ఊరో, కొత్త జలాశయమో, ఎవరి బతుకో వెలిగిందని చదివినప్పుడు సంతోషిస్తాను. పేజీ మాత్రం వెంటనే తిప్పలేను. దాన్ని లేపిన నీరు ఏ పై మడిలోంచి దిగిందో, ఆ మడి మనిషిని ఎవరైనా గుమ్మం ముందు నిలబడి అడిగారో లేదో, ఆ వరసల్లో వెతుకుతూ ఉండిపోతాను.