లోర్నా మేడమ్ నోరు విప్పని క్లాసు

లోర్నా ఒలెట్ ముక్కుసూటి మనిషి. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో బంగాళాదుంపలు పండే ఊళ్ళో హైస్కూలు పిల్లలకు ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెబుతోంది. చెబుతోందంటే ఏముందిలెండి, ఆవిడ చెప్పదు! బల్లలు వెనక్కి నెట్టించి, కుర్చీలు గుండ్రంగా వేయించి, తను పోయి కిటికీ పక్కన కూర్చుంటుంది. కథ మీద వాదించుకోవాల్సింది పిల్లలే. ఆ గుండ్రంలో కుర్చీ పట్టినవాళ్ళు ఎవరైనా సరే, అడిగితే జవాబివ్వాలి. చూడటానికి వచ్చినవాళ్ళు గోడవారన నిలబడాలి. ఆ క్లాసు కట్టుబాటు అది.

కొత్త ప్రిన్సిపాల్ వెండెల్ క్రెయిగ్‌కు ఇదంతా ఒళ్ళు మంట. "రేపు నేనొస్తున్నా మేడమ్. మీరు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలి. లేదంటే వచ్చే ఏడాది మీకు ఉద్యోగం ఉండదు," అని తెగేసి చెప్పాడు.

"రండి, చూద్దురుగాని," అంది లోర్నా.

మర్నాడు వచ్చినవాడు గోడవారన నిలబడక, తిన్నగా వెళ్ళి ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు! పిల్లలు నవ్వు ఆపుకున్నారు. ఆరోజు కథ, తన పశువుల కొట్టానికి తనే నిప్పు పెట్టుకున్న రైతుది.

"వాడికి పిచ్చి," అన్నాడొకడు.

"కాదెహె, కొడుకు మీద కోపం," అన్నాడు ఇంకొకడు.

"సార్, మీరేమంటారు?" అని అడిగింది కోరిన్ అనే పిల్ల.

ప్రిన్సిపాల్ సర్దుకున్నాడు. "అంటే... దురాశ వల్ల చేసుంటాడు."

"ఏ మాటను బట్టి సార్? చూపించండి."

ఆయన కథ చదివితేగా! చెవులు ఎర్రబడ్డాయి. "ఏంటి మేడమ్ ఇది? జవాబేంటో మీరు చెప్పండి వీళ్ళకి!"

క్లాసంతా ఆవిడవైపు తిరిగింది. లేచి నాలుగు ముక్కలు చెబితే ఉద్యోగం నిలబడుతుంది. లోర్నాకు భయం వేయలేదనుకోకండి. ఆ బడి తప్ప ఆవిడకు వేరే లోకం లేదు. అయినా కిటికీ పక్కనుంచి లేవలేదు.

అప్పుడు మార్సీ లెవెక్ గొంతు సవరించుకుంది. బడి తెరిచినప్పటినుంచీ ఆ పిల్ల క్లాసులో మాట్లాడిందే లేదు.

"మూడో పేజీలో ఆవుల్ని ముందే బయటికి తోలేశాడు. పిచ్చోడైతే తోలడు కదా? బాగా ఆలోచించుకునే కాల్చాడు."

ఇక చూస్కోండి, క్లాసు తిరునాళ్ళయిపోయింది! లోర్నాకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ ఆవిణ్ణి గుమ్మం దగ్గరే ఆపాడు. "ఒక్క ముక్క చెప్పలేదు మీరు. వచ్చే ఏడాది ఇక్కడ ఉండరు."

"జూన్‌లో బడి మూసేదాకా ఉంటాగా," అంది లోర్నా, ఆయన కళ్ళలోకి చూస్తూ. "రేపు చివరి పేజీ మీద వాదన. రావాలనుకుంటే రండి. ఈసారి చదువుకుని రండి."