గాలి పోయే చోటు

రాజంపేటలో చెట్లు కోసే మిషన్లు బాగుచేసే వీరభద్ర, చప్పుడు విని జబ్బు చెప్పే రకం కాదు. ఇంజను మూతులన్నీ రబ్బరు ముక్కలతో మూసి, సైకిలు పంపుతో గాలి ఎక్కించి, అతుకులకు కుంచెతో సబ్బునీళ్లు పూసేవాడు. ఆపైన గొంతుక్కూర్చుని, బుడగ ఎక్కడ లేస్తుందా అని రెప్ప వాల్చకుండా చూసేవాడు. ఈ పని అతనూ గోపన్నా ఒకే అంగట్లో నేర్చుకున్నారు. ఏదో మాట పట్టింపు వచ్చి గోపన్న కమలాపురం వెళ్లిపోయాడు. ఐదేళ్లయినా ఇద్దరిలో ఎవరూ ముందు పలకరించలేదు. రెండువేల ఐదు ఎండాకాలంలో కమలాపురం రైతొకడు మిషను తెచ్చాడు.

"మీట వదిలినా అదే రేసవుతాండాదన్నా. గోపన్నకు చూపిస్తే, గాలి యాడ పోతాండాదో వీరభద్రే పట్టాల, ఆయప్పకుండే ఓపిక నాకు లేదు అన్నాడు."

వీరభద్ర మూతులు మూసి, గాలి ఎక్కించి, కుంచె సబ్బునీళ్లలో ముంచాడు. అతుకు అతుకూ వెతికితే ఇంజను చక్రం వెనక రబ్బరు సీలు దగ్గర సన్నటి బుడగలు లేచాయి. కొత్త సీలు వేసి మళ్లీ సబ్బునీళ్లు పూశాడు. ఈసారి ఒక్క బుడగా రాలేదు.

"అయిపాయనా అన్నా?"

"లేదప్పా, ఇంకా యాడో పోతాండాది. నువ్వు పో. రేపు నేనే తెచ్చి గోపన్న అంగట్లో ఇస్తా" అన్నాడు వీరభద్ర తల ఎత్తకుండా. "ఆ అంగడి యాడుండాదో చెప్పు."