కాళ్లు లేని కోడి

మా అప్ప దుర్గాదేవికి కోపమే రాదని భిలాయి ఖుర్సీపార్‌లో మా వీధి వీధంతా చెప్పుకునేవారు. మా బొబ్బిలి వైపు అక్కను అప్ప అంటాం. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కోపం రాకపోవడమేమిటి? వస్తోంది, దాన్ని నమిలి మింగుతోంది. చూసేవాళ్లకు అదే శాంతంలా కనబడుతోంది, అంతే.

పెళ్లి చేసుకుని భిలాయి వచ్చేనాటికి అప్పకు పద్దెనిమిదేళ్లు. మా బావ ఉదయ్‌కుమార్ స్టీలు ప్లాంటులో, ఇనప తీగల చుట్టలు తయారయ్యే మిల్లులో కార్మికుడు. ప్లాంటు కట్టే రోజుల్లో అతని తండ్రి ఇక్కడికి వచ్చి మట్టి మోశాడు. ఆయన పోయాక ఇంటికి పెద్ద దిక్కు అత్తగారు నూకమ్మ. పిల్లలిద్దరు. పెద్దది రజనీకుమారి ఎనిమిదో క్లాసు, దాని తమ్ముడు మనోజ్‌కుమార్ ఆరో క్లాసు. ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మ ఉద్యోగం దొరికి నేనూ వాళ్లింట్లోనే చేరాను. ఇది తొంభై ఆరు నాటి సంగతి.

అప్ప కూడా పనికి వెళ్లేది. హథ్‌ఖోజ్‌లో ఒక కార్ఖానాలో బోల్టులకు నట్లు ఎక్కించి పెట్టెల్లో సర్దడం ఆమె పని. గోళ్ల సందుల్లో చేరిన నల్లటి నూనె ఎంత తోమినా పోయేది కాదు. ఆదివారం ఆదివారం ఆ ఇంట్లోకి కోడి వచ్చేది ఆ చేతుల కష్టంతోనే. తెచ్చేది అప్ప, కోసేది అప్ప, వండేది అప్ప. వడ్డించే గరిటె మాత్రం నూకమ్మది. ఆ గరిటె జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు.

ఇక ఆవిడ పంపకం చూడాలి. ఒక కాలు బావకు. రెండో కాలు మనోజ్‌కు. కార్జం కూడా మనోజ్‌కే, ఎదిగే పిల్లాడట. రొమ్ము ముక్కలు సగం బావ పళ్లెంలోకి, సగం మర్నాడు అతని టిఫిన్ డబ్బాలోకి. రజనికి ఒక రెక్క, బోలెడంత పులుసు. అప్పకు వీపు ఎముకలు. నేను చుట్టాన్ని కనుక మర్యాదకు నాకొక మంచి ముక్క పడేది. పక్కన మేనకోడలు రెక్క చీకుతుంటే ఆ ముక్క నా గొంతు దిగేది కాదు. నూకమ్మ తనకు మెడ ఉంచుకునేది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కోడికాలు రుచి చూసింది లేదు. తను తినలేదు కనుక ఇంకో ఆడది తినక్కర్లేదని ఆవిడ లెక్క. జాలిపడాల్సిన మనిషే. నాకు మాత్రం జాలి కలిగేది కాదు.

అంతకంటే బావను చూస్తే మండేది. ఏనాడూ కాలు కావాలని అడగలేదు. ఏనాడూ వద్దనీ అనలేదు. పళ్లెంలో ఏది పడితే అది తిని, చెయ్యి కడుక్కుని, మంచం ఎక్కేవాడు. ఉదయ్ భయ్యా ఎంత మంచివాడో అని వీధిలో పేరు. అలాంటి మంచితనాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు.

రజని పరుగులో దిట్ట. బడిలో ఎనిమిది వందల మీటర్లలో దాన్ని దాటే పిల్ల లేదు. ఆ చలికాలం జిల్లా సెలక్షన్లకు డ్రిల్లు మాస్టారు దాని పేరే ముందు రాసుకున్నాడు. తీరా ఒక పొద్దున మైదానంలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ దాని కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎరుపే లేదు, తెల్లగా పాలిపోయి ఉంది.

"పిల్లకు ఏం పెడుతున్నారు మీరు?" అని అప్పను హిందీలో గద్దించింది. మాత్రలు రాసి, మాంసం, కార్జం, గుడ్లు, ఆకుకూరలు పెట్టమంది. రక్తం పెరిగిందని తను చూసి సరే అనేదాకా పరుగు బంద్ అంది. రజని దారి పొడుగునా ఏడుస్తూ వచ్చింది. కోడి ఇంటికి వస్తూనే ఉంది. ఆ పిల్ల నోటిదాకా రావడం లేదు.

ఆ ఆదివారం నూకమ్మ గరిటె ఎత్తగానే అప్ప మెల్లగా అంది. "అత్తా, కార్జం రజనికి ఎయ్యి. డాక్టరమ్మ సెప్పింది."

"ఏటీ? ఎర్రటి ఇనుము కాడ మాడిపోయి వొచ్చినోడికి నేదు, ఎదిగే మగపిల్లోడికి నేదు, దానికా?" అంది నూకమ్మ, గరిటె ఆపకుండానే. "రేపు పరాయింటికి ఎల్లిపోయే పిల్లకి పరుగులేటి, కండలేటి? మాత్రలిచ్చినారు గదా, మింగమను."

కార్జం మనోజ్ పళ్లెంలో పడింది. బావ తల ఎత్తలేదు. నేను నోరు తెరవబోతే అప్ప నా మోకాలు నొక్కింది. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని అప్ప సుత్తితో బొగ్గు కొట్టింది. చిన్న ముక్కలు చాలు పొయ్యికి. అది పిండి అయ్యేదాకా కొట్టింది.

"ముక్క కనబడితేనే గదా మాలా, వాటాలు," అంది చివరికి, చెమట తుడుచుకుంటూ. "ముక్కే నేకుండా సేసేత్తాను."

నా పేరు మణిమాల. అప్పకు నేను మాలను. ఆమె ఏం చెయ్యబోతోందో నాకప్పుడు అర్థం కాలేదు.

తరువాతి ఆదివారానికి అప్ప ముదురు కోడిని తెచ్చింది. కుమ్హారి వైపు ఫారాల్లో గుడ్లు పెట్టడం మానేసిన కోళ్లను మా బజారుకు తెచ్చి చవగ్గా అమ్మేవారు. కుక్కర్లో ఎన్ని కూతలు రానిచ్చినా ఆ మాంసం రబ్బరులా సాగుతుందని జనం వాటి వంక చూడరు. దాన్ని మెత్తబరచాలంటే సన్నటి సెగ మీద గంటల తరబడి వదిలెయ్యాలి. అందుకు మా పెరట్లో సిగిడీ ఉంది. పాత ఇనప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి అది. బొగ్గుపొడిలో బంకమన్ను కలిపి చేసిన ఉండలు ఎండబెట్టి అందులో వేస్తే, పైన బూడిద కప్పుకుని నెమ్మదిగా, చాలాసేపు కాలుతాయి.

నన్ను మాకరోనీ తెమ్మంది. రజని స్నేహితురాలు, ఒక మలయాళీ నర్సు కూతురు, బడికి డబ్బాలో మాకరోనీ తెచ్చేది. అది ఎంత బాగుంటుందో రజని మాకు చెప్పి చెప్పి చంపేది. సూపెల బజారులో విడిగా దొరుకుతుంటే కిలో కట్టించి తెచ్చాను. నూకమ్మ సంచిలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇయ్యేటే, నీల్ల పైపులా? మనుసులు తింతారా ఇయ్యి?"

ఆదివారం కార్ఖానా ఒంటిపూటే. పొద్దున పనికి వెళ్లేముందే అప్ప కోడికి ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పెరుగు పట్టించింది. దళసరి గిన్నెలో అడుగున ఉల్లిపాయలు, వాటి మీద కోడి, దాని మీద చేతులతో చిదిమిన టమాటాలు. ఆ రోజుల్లో టమాటాలు ఎవరికీ అక్కర్లేనంత చవక. కార్జం కూడా అందులోనే వేసింది. కాసిని నీళ్లు పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, ఆవిరి పోకుండా మూసి సిగిడీ మీద పెట్టింది.

"అత్తా, మూత ముట్టుకోకు. తీసినావంటే ఇయ్యాల ఎవరికీ కూర నేదు," అని చెప్పి పనికి వెళ్లిపోయింది.

నూకమ్మకు కాలు నిలవలేదు. పది పనులు పెట్టుకుని పెరట్లోకి వచ్చి సిగిడీ చుట్టూ తిరిగింది. "కోడిని వొండుతుందా, పాతిపెడతందా?" అని గొణిగింది. మూత మీద చెయ్యి వేయబోతే నేను పుస్తకం మూసి లేచి నిలబడ్డాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని నన్ను కొరకొరా చూసింది. నేనూ చూశాను.

మధ్యాహ్నానికి అప్ప వచ్చి పిండి కట్టు పగలగొట్టింది. వాసన వీధిలోకి పోయింది. పట్టుకుంటే ఎముక ఒక్కటే చేతికి వచ్చేంత మెత్తగా ఉంది కోడి. అప్ప పీట వేసుకుని కూర్చుని ఒక్కో ఎముకా ఏరేసింది. కాళ్ల మాంసం, రొమ్ము మాంసం, రెక్కలు, మెడ, వీపు, అంతా వేళ్లతో పీచుపీచుగా విడదీసింది. కార్జాన్ని నలిపి పులుసులో కలిపేసింది. ఏది ఏ ముక్కో ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆ పనిలో ఆమె పళ్లు బిగబట్టి ఉంది. తరువాత ఆ పులుసులోనే మాకరోనీ ఉడికించి, మిరియాలపొడి, కొత్తిమీర చల్లింది. గొట్టాలు పులుసు పీల్చుకుని ఉబ్బాయి. గిన్నె నిండిపోయింది. ఒక్క ముసలి కోడి, ఆరుగురికీ కడుపునిండా సరిపోయేటట్టు అయింది.

బావ ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చాడు. అందరం కూర్చున్నాం. నూకమ్మ గిన్నెలో గరిటె పెట్టి తిప్పింది. మళ్లీ తిప్పింది. అడుగుదాకా పెట్టి దేవింది.

"కాల్లేవీ?"

"కరిగిపోనాయి," అంది అప్ప.

"కోడికి కాల్లు కరుగుతాయేటే? ఎవులికి సెప్తావు?"

"మమ్మీ, లెగ్ పీస్ కహాఁ హై?" అన్నాడు మనోజ్.

నూకమ్మ గరిటె పైకెత్తి నా వైపు చూపించింది. "నానెరగనా? పొద్దుటి నుంచీ ఈ పిల్ల పొయ్యి కాడే కాపలా కాసింది. రెండు కాల్లూ అక్కాసెల్లెల్లు పెరట్లోనే తినేసినారు."

నాకు చెంబెడు నీళ్లు ఆవిడ మొహాన కొట్టాలనిపించింది. లేచి వెళ్లి ఎముకల గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. రెండు కాళ్ల ఎముకలూ పైనే ఉన్నాయి, మాంసం గీసినట్టు తెల్లగా. ఆవిడ వాటిని తిప్పి చూసి పక్కకు నెట్టింది. సంజాయిషీ అక్కర్లేకపోయింది ఆవిడకు.

అప్పుడు చూశాను ఆవిడ గరిటె పనితనం. మాంసం బరువుకి అడుక్కి దిగి ఉంది, గొట్టాలు పైకి తేలి ఉన్నాయి. ఆవిడ గరిటెను గిన్నె అడుగుకి దించి, గొట్టాలను అంచుకి తోసి, మాంసం మాంసంగా పైకి తీసి బావ పళ్లెంలో పెట్టింది. మళ్లీ దించి మనోజ్ పళ్లెంలో పెట్టింది. రజని వంతు వచ్చేసరికి గరిటె పైపైనే ఆడింది. ఆ పిల్ల పళ్లెంలో ఉత్త గొట్టాలు పడ్డాయి. అయిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ ఆ ముసలమ్మ మణికట్టు తిప్పడంతో అయిపోయాయి.

అప్ప లేచింది. గరిటె పట్టుకుని లాగింది. నూకమ్మ వదల్లేదు. రెండోసారి లాగితే వచ్చేసింది. పులుసు గోడ మీద చిందింది.

"దుర్గా! అమ్మతోటి ఏటీ పని?" అన్నాడు బావ.

"నువ్వు మాటాడకు," అంది అప్ప. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "డాక్టరమ్మ నన్ను తిట్టిననాడు మాటాడలేదు. కార్జం అడిగిననాడు మాటాడలేదు. ఇన్నేల్లూ మాటాడనోడివి ఇప్పుడెందుకు నోరు? నా సేతుల నూనె సూడు. ఈ సేతులతో తెచ్చిన కోడి ఇది. నా కూతురికి నెత్తురు నేదు. ఇనబడిందా? నెత్తురు నేదు!"

బావ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకు ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను ఏమీ అనలేదు. ఆ ఒక్కసారి అతని మౌనం మాకు పనికొచ్చింది.

అప్ప పళ్లేలన్నీ వెనక్కి లాక్కుని గిన్నెలో బోర్లించింది. అడుగు నుంచి పైకి మొత్తం కలిపింది. ముందు రజనికి పెట్టింది. తరువాత నూకమ్మకు, నాకు, మనోజ్‌కు, బావకు, చివర తనకు. అందరికీ ఒకే ఎత్తు. గరిటెను తన తొడ కింద పెట్టుకుని కూర్చుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

తినడం మొదలుపెట్టాం. రజని రెండు ముద్దలు తింది. తరువాత తల వంచుకుని, పళ్లెంలో మాంసం పీచులన్నీ వేళ్లతో ఓ పక్కకు ఏరింది. ముద్ద చేసి, చడీచప్పుడు లేకుండా తమ్ముడి పళ్లెంలో పెట్టింది.

"నాకు బస్ మమ్మీ, చాలు," అంది, మేము చూస్తున్నామని గమనించి. "మనోజ్‌కి పసంద్ కదా."

ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నూకమ్మ ఆ క్షణాన కంటిసైగ కూడా చెయ్యలేదు. వీపు ఎముకల మీద దొరికిన కాస్త కండను గిల్లి అప్ప మనోజ్ పళ్లెంలో పడేస్తుంటే రజని ప్రతి ఆదివారమూ పక్కనే కూర్చుని చూసింది. అమ్మలు అలా చేస్తారనుకుంది. ఆడపిల్లలూ అలాగే చెయ్యాలనుకుంది. అప్పకు కూడా ఆ సంగతి తెలిసింది, మొహం చూస్తే నాకు అర్థమైంది. ఇప్పుడు ఎవరి మీద అరవాలి?

అప్ప మనోజ్ పళ్లెంలోంచి ఆ ముద్ద తీసింది. గోళ్లలో నూనె నలుపు ఉన్న ఆ చేత్తోనే రజని గడ్డం పట్టుకుని నోట్లో పెట్టింది. పదమూడేళ్ల పిల్ల దొంగసొత్తు దాచుకున్నట్టు బుగ్గన పెట్టుకుని నమిలింది. మింగే ముందు మెల్లగా కళ్లెత్తి నాయనమ్మ వైపు చూసింది.

"అటేటి సూత్తావు?" అంది అప్ప. "ఇటు సూడు. నన్ను సూసి మింగు."

రజని తల్లిని చూస్తూ మింగింది. అప్ప ఇంకో ముద్ద కలిపింది.