మందిరానికి వెళ్లిన మగపూలు

దేవునికి స్తోత్రం! వాన కురిపించి, గింజ మొలిపించి, నాలాంటి దాని చేతుల్లోంచి కూడా గుమ్మడి పాదును కాపాడిన ఆయన నామానికి మహిమ. ఆయన కాపాడాడు కాబట్టి నవ్వుతూ చెబుతున్నాను. లేకపోతే కారేపల్లి దాటి అడవి మొదలయ్యే మా ఊళ్లో పెళ్లయిన ఏడే నా పరువుకు సమాధి కట్టేవారు.

తల్లాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, సంఘమంతటి ముందు లేచి నిలబడి, "కోత పండుగకు మా పాదులో తొలి గుమ్మడికాయ తెస్తాను" అని మొక్కుకున్నాను. ఎవరూ అడగలేదు. నా నోరు అలాంటిది.

పాదు పూసింది. కొన్ని పూల కింద బుల్లి పిందె ఉంది, మిగతావి ఉత్త కాడలు. ఫలించనిదాన్ని తీసేయాలని సండే స్కూల్లో నేర్చుకున్నదాన్ని కదా! రోజూ తెల్లవారగానే ఉత్త కాడల పూలన్నీ తెంచేదాన్ని. పారేయ బుద్ధికాక ఉదయ ప్రార్థనకు పట్టుకెళ్లి, మందిరంలో బల్ల మీద గ్లాసులో పెట్టేదాన్ని. పాస్టరు అయ్యగారు మెచ్చుకున్నారు. నేను ఉబ్బిపోయాను. పిందెలు మాత్రం ఉబ్బలేదు, పండుబారి ఒక్కొక్కటే రాలిపోయాయి. భయపడి ఉపవాసం ఉన్నాను. అయినా రాలాయి. కళ్లు మూస్తే చాలు, ఖాళీ చేతులతో సంఘం ముందు నిలబడ్డట్టే ఉండేది.

ఒకరోజు పూలు పెట్టి ఇంటికొచ్చేసరికి, కూతురి పురిటికి వెళ్లిన మా అత్తమ్మ తిరిగొచ్చి పాదు దగ్గర నిలబడి ఉంది.

"మొగపూలేవే?"

"అంటే ఏంటి అత్తమ్మా?"

"పిందె లేనియి! వాటి పుప్పొడి తేనెటీగ మోసుకొచ్చి ఆడపువ్వుకు అంటిస్తెనే కాయ నిలుస్తది. యాడ పెట్టినవ్?"

"మందిరంలో..."

అత్తమ్మ తల పట్టుకుంది. "మొగోళ్లు మందిరానికి వస్తలేరని అయ్యగారు మొత్తుకుంటుంటే, మా పాదుల మొగోళ్లందర్ని నువ్వు ఆడికే తోల్తివా! ఈ ఒక్క ఆడపువ్వే మిగిలింది. ఎండెక్కితే ముడుచుకుంటది. జల్దీ ఉరుకు!"

ఉరికాను. అయ్యగారింకా మోకాళ్ల మీద ఉన్నారు. మెల్లగా ఒక పువ్వు లాగాను. గ్లాసు ఖంగుమని పడింది.

"ఏందమ్మా, దేవునికిచ్చింది మళ్ల తీస్కపోతున్నవ్?"

"ఇంట్లో పెళ్లుంది అయ్యగారూ!"

"ఎవరిది?"

"ఈయనదే!" అని పువ్వు చూపించి పరుగందుకున్నాను.

అత్తమ్మ దాని రేకులు వలిచి, పచ్చని పుప్పొడిని ఆడపువ్వు నడుమ రాసింది. పక్కన నిలబడి ఆమెన్ అన్నాను. తర్వాత రోజూ ఆ పిందెను చూసే ధైర్యం నాకు లేదు. "ఉందా?" అని గడపలోంచే అరిచేదాన్ని. "అవ్, ఉన్నది, నీ అరుపులకే రాలేటట్టున్నది" అనేది అత్తమ్మ.

రాలలేదు. కోత పండుగనాడు ఆ కాయను ఇద్దరం మోసుకెళ్లి బల్ల మీద పెట్టాం. అప్పటికే అత్తమ్మ నోట కథంతా విన్న అయ్యగారు దాని మీద చెయ్యేసి అన్నారు: "ఈ కాయ తల్లి వీళ్లింటిది. తండ్రి మాత్రం మన సంఘం మనిషే!"

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. పిందె లేదన్న నెపంతో ఏ పువ్వునూ ఇక తెంచను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, సంఘంలో లేచి మాటిచ్చే ముందు నా నోటిని, పాదు దగ్గరికెళ్లే ముందు నా చేతిని గట్టిగా పట్టుకో. ఆమెన్.