గుమ్మం కొలిచిన మనిషి

మా మావయ్య పోయిన సంగతి నాకు ఆయన పెద్దకర్మ కార్డు ఆర్డరుతో తెలిసింది. మా రైల్వే ఊళ్లో, పూరీ గేట్ పేటలోని నా ప్రింటింగ్ ప్రెస్సుకి బావ, అంటే మావయ్య కొడుకు, గడ్డం మాసి, కాళ్లకు చెప్పుల్లేకుండా వచ్చాడు. "ఎవరికి బావా?" అన్నాను. చేతిలో కాగితం పెట్టాడు. చదివాను, పేరు మావయ్యది.

"నాలుగు రోజులైపోనాది. మెషిన్ ఇరిగిన కాడ్నుంచీ నువ్వు మాటాడ్డం మానేసినావు కదా, కోపం తగ్గలేదేమో అనుకున్నాం" అన్నాడు.

మేనమామ చావు ఊరందరి తర్వాత మేనకోడలికి తెలిసింది. ఎవర్ని తిట్టను? తిట్టాల్సిన మనిషి అద్దంలో రోజూ కనిపిస్తూనే ఉంది.

మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. పెద్ద పెద్ద మెషిన్లకు మోకులు కట్టి, ఇనప గొట్టాల మీద దొర్లించి, ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డుకి మార్చే గ్యాంగులో జీవితమంతా పనిచేశాడు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండాల్సిందే. తెల్లబడిన జేబులు ఉతకలేక అత్త రోజూ సణిగేది. ఏ వస్తువు కదపాలన్నా ముందు గుర్తులు పెట్టేవాడు. బాణం గీస్తే అక్కడ ఎత్తాలి, సున్నా చుడితే అక్కడ తాడు కట్టాలి, ఇంటూ కొడితే అక్కడ చెయ్యి వెయ్యకూడదు. మా అమ్మ బీరువా వెనకాల ఇప్పటికీ ఒక ఇంటూ ఉంది.

ఎవరింటికి వెళ్లినా గుమ్మాన్ని జానలతో కొలిచేవాడు. నా పెళ్లి మాటలకి నిమ్‌పురాలో పెళ్లికొడుకు వాళ్ల క్వార్టరుకి వెళ్లినప్పుడు కూడా అంతే. పెట్టిన స్వీటు పక్కన పెట్టి, గుమ్మం కొలిచి, "సంబంధం బాగుంది గానీ, ఇందులోంచి మంచం పట్టదమ్మీ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మంచం నిజంగానే పట్టలేదు. కాళ్లు ఊడదీసి లోపలికి తెచ్చారు.

నిరుడు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ప్రెస్సు గది కప్పు కారడం మొదలైంది. శుభలేఖలు అచ్చేసుకుని బతికేదాన్ని, కాగితం తడిస్తే నా నోట్లో మట్టే. పూరీ గేట్‌లో వేరే గది చూసుకున్నాను. మిగతా సామాను సంగతి ఎలాగున్నా, కాగితాలు కోసే కటింగ్ మెషిన్ గురించే నా భయం. పోత ఇనుముది, నాన్న కొన్నది, ప్రెస్సుకి అదే ప్రాణం.

సామాను తరలించేవాళ్లను ముగ్గుర్ని అడిగాను. ఒకడు మనిషి రాకుండానే ఫోన్లో రేటు చెప్పేశాడు. రెండోవాడు సొంత టెంపో ఉన్న ముసలి బెంగాలీ దాదా. వస్తూనే గుమ్మం కొలిచి, మెషిన్ చక్రం విప్పాలి, రెండ్రోజులు పడుతుంది అన్నాడు. మూడోది పెద్ద కంపెనీ. యూనిఫాం వేసుకున్న సూపర్‌వైజర్ అన్నిటికీ ఫొటోలు తీసి, ఒక్కపూటలో పని అయిపోతుందన్నాడు.

కాగితం కట్టల మీద కూర్చుని మావయ్య అంతా చూస్తున్నాడు.

"ఏటమ్మీ, ఇంకా ఆలోసన? దాదాకి ఇచ్చీ. ఆడు గుమ్మం కొలిసినాడు. ఈడు సామాను సూసినాడు గానీ దారి సూడలేదు."

"పెళ్లిళ్ల సీజన్ మావయ్యా. రెండ్రోజులు మూసుకుంటే ఎలా?"

"పోత ఇనుం వొంగదు, ఇరిగిపోతాది. పోనీ, మోసినప్పుడు నాను దగ్గరుంటాను. ఎక్కడ పట్టాలో సెప్తాను."

సూపర్‌వైజర్ మొహం చిట్లించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "బూఢే ఆద్మీ హై, ఛోడ్ దీజియే" అన్నాను. ముసలాయన, వదిలెయ్యండి అని. మావయ్యకు హిందీ నాకంటే బాగా వచ్చు. ఆ సంగతి మరిచిపోయి అన్నానని చెప్పుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది. మరిచిపోలేదు. ఆయన "ఠీక్ హై" అని లేచి, కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. పోసిన టీ అలాగే చల్లారిపోయింది. పని కంపెనీకే ఇచ్చాను.

సామాను ఎత్తే రోజు పొద్దున్న ప్రెస్సు తెరిస్తే మెషిన్ నిండా సుద్ద గుర్తులు. ముందురోజు నేను కొత్త గది కడిగించడానికి వెళ్లినప్పుడు, ఇక్కడ ప్యాకింగ్ వాళ్లు ఉండగా వచ్చి పెట్టినట్టున్నాడు. బాణాలు, సున్నాలు, చక్రం మీద ఇంత పెద్ద ఇంటూ. ఎవరి చేతి గుర్తులో నాకు తెలియదా? వద్దన్నా వినడు, మళ్లీ నన్ను నవ్వులపాలు చేస్తాడు అని ఒళ్లు మండింది. తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను.

మెషిన్ గుమ్మంలో ఇరుక్కుంది. వాళ్లు చక్రం పట్టుకుని ఎత్తారు. మెషిన్ కాలొకటి ఫట్‌మని పగిలింది. పాత ఇనుము, లోపల ముందే పగులుంది మేడమ్, అన్నాడు సూపర్‌వైజర్.

ఆ తర్వాత మావయ్య నా గుమ్మం తొక్కలేదు. అలిగాడనుకున్నాను. అలిగితే అలగనీ, మొహం ఎలా చూపించను అని నేనూ వెళ్లలేదు.

కార్డులు అచ్చేసి నేనే పట్టుకెళ్లాను. పగిలిన కాలికి వెల్డింగు చేయించినా మెషిన్ ఒకవైపు కాస్త ఒరిగే ఉంది. మావయ్య కార్డుల అంచు కూడా వంకరగానే తెగింది. అత్త ఒక కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరింది.

"నీ మెషిన్ ఇరిగిందని తెలిసినాక ముద్ద సరిగ్గా తినలేదమ్మీ. గుర్తు తప్పుగా పెట్టీసినానేటే, నా సేత్తో నానే దాని కొంప ముంచీసినానేటే అని ఒకటే ఏడుపు. నీ దగ్గరికి రావడానికి మొహం సెల్లలేదు. పోయే ముందు కూడా అదే మాట."

ఆ గుర్తులు తుడిచేసింది నేనేనని అత్తకు అప్పుడూ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రెస్సుకి తిరిగొచ్చి నేల మీద పడుకుని మెషిన్ అడుగున చూశాను. నా గుడ్డ అందని చోట, అడుగు దిమ్మ మీద, సుద్దతో చుట్టిన సున్నా ఒకటి మిగిలే ఉంది. మెకానిక్కుని పిలిచి, సున్నా సంగతి చెప్పకుండా, దీన్ని ఎత్తాలంటే తాడు ఎక్కడ కట్టాల్సింది అని అడిగాను. అతను వంగి చూసి, సరిగ్గా ఆ సున్నా మీదే వేలు పెట్టాడు.